విశాఖలో పుట్టిన నేలదాడి దళము

(బెజవాడ గ్రంథాలయ సభలో చేసిన యుపన్యాసము)



2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగునగరము, పాయకాపురము నీట మునిగినప్పుడు మిద్దెలపై నిలిచి యాకాశమువంక చూచినవారు ఈ సభలో ననేకులు కలరు. నాటి స్వచ్ఛంద సేవకులలో నేనును నొకడనై నడుములోతు నీటిలో పాలపొట్లములు మోసితిని. హెలికాప్టరు చప్పుడు వినబడినంతనే పిల్లలు చేతులూపిరి, వృద్ధులు నమస్కరించిరి. పొట్లములు కొన్ని చేతి కందినవి, కొన్ని నీటిపాలైనవి. ఎట్లైనను, ఆకాశమునుండి వచ్చునది మనకొఱకే వచ్చుచున్నదను నమ్మకము నాడు మన కుండెను.

ఈ తీరమునందే 1942 ఏప్రిల్ 6వ తేది సోమవారమునాడు విమానముల చప్పుడు వినిన విశాఖ, కాకినాడ జనులకు అట్టి నమ్మకము లేదు. బంగాళాఖాతమున ప్రవేశించిన జపాను నౌకాసేనాని ఒజావా దళములో ర్యూజో యను విమానవాహక నౌక యుండెను. దానినుండి లేచిన విమానములు ఆ రెండు రేవులపై బాంబులు వేసినవి. ఆ దినములలోనే ఆ నౌకాదళము ఖాతములోని వర్తక నౌకలను ఇరువదికి పైగా ముంచినది. విశాఖ వీథులు ఖాళీ యయ్యెను. మూటలు నెత్తిన పెట్టుకొని జనులు లోపలి గ్రామములకు పోయిరి. చెన్నపట్టణమున గవర్నరుగారి ప్రభుత్వమే తన కార్యాలయములను లోపలి ఊళ్ళకు తరలించుచుండగా ప్రజలను పిఱికివారనుట యెట్లు?

అప్పుడు విశాఖను కాపాడుటకు ఆకాశమున నున్నదేమి? తీరరక్షణ విమానదళమని పేరుగల చిన్న గుంపొకటి. దాని చేతిలో వాపిటీ యను పాత రెండంతస్తుల రెక్కల విమానములు. 1920లనాటి యంత్రములవి. సముద్రముపై గస్తీ తిరిగి శత్రువుల నౌకలు కానవచ్చినచో వార్త తెచ్చుట వాని పని. వచ్చినవానిని ఆపు శక్తి వానికి లేదు.

ఆ తీరరక్షణ దళములను రద్దుచేసి, వానిలోని వారిని తీసికొని, ప్రభుత్వమువారు రెండు కొత్త స్క్వాడ్రనులను కూర్చిరి. రెండును 1942 డిసెంబరు 1వ తేదినే పుట్టినవి: ఎనిమిదవది తిరుచినాపల్లిలో, ఏడవది మన విశాఖపట్టణములో. ఈనాటి నా ప్రసంగము ఆ ఏడవదానిని గూర్చి. సేనలో దానికి బ్యాటిల్ యాక్సెస్ అని పేరు. మన మాటలో గండ్రగొడ్డళ్ళు. ఆకాశమున విమానముతో విమానము పోరాడుట గాక, క్రింద నేలమీదనున్న శత్రువును కొట్టుటయే దాని పుట్టుకకు కారణము.

నేను న్యాయవాదిని. దస్తావేజు చేతికి వచ్చినప్పుడు తేదీని మొదట చూచుట నా అలవాటు. ఈ దస్తావేజు తేదీ 1942 డిసెంబరు 1. అప్పటి కెన్ని దినములాయెనో చూడుడు. ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానము. మరునాడు నాయకుల నిర్బంధము. మన బందరు పట్టాభి సీతారామయ్యగారు అహమ్మదునగరు కోటలో బందీగా నుండిరి. ఆగస్టు 12న తెనాలిలో పోలీసుల తుపాకులకు ఏడుగురు నేలకొరిగిరి. ఆ చోటునే ఇప్పుడు రణరంగ చౌకు అని పిలుచుచున్నాము. ఆ ఆగస్టుమాసమునందే లిన్లిత్‌గో ప్రభుత్వము రైలుపట్టాలను తొలగించు గుంపులపై ఆకాశమునుండి మరతుపాకులు కాల్చుట కనుమతించినది. బీహారులోను, ఒరిస్సా సంస్థానమగు తాల్చేరులోను విమానములు జనులపై అట్లు ప్రయోగింపబడినవి. ఏడవ స్క్వాడ్రను ఆ పాపము నెఱుగదు; అప్పటి కది పుట్టలేదు. కాని నాలుగు నెలలు తిరుగకుండ అదే ప్రభుత్వము, అదే రాజు పేర, ఆంధ్రదేశమున భారతీయులచేత నేలదాడి దళమును కూర్చినది. ఆ దళమున చేరినవానిని నాటి ఖద్దరుధారి యేమని చూచియుండును? ఈనాడు మన మేమని చూడవలెను?

ఈ ప్రశ్న నాకు చిన్నది కాదు. మన సభలలో జైలుకు పోయినవారి పేర్లు చదువుదుము, ఆజాదు హిందు ఫౌజును స్మరింతుము, ఇది న్యాయమే. ఈ మూడవ తెగవారిని మాత్రము మనవారు రెండు విధముల చంపుచున్నారు. కొందఱు వారిని కూలిసిపాయిలని త్రోసివేయుదురు. మఱికొందఱు వారి శౌర్యమును మాత్రము పొగడి, వారే రాజు జీతము తిని యే ఆజ్ఞకు లోబడిరో ఆ సంగతిని మెల్లగా జారవిడుతురు. సగము సాక్ష్యమును దాచి వాదించుట నా వృత్తిలో తప్పు. చరిత్రలో అంతకంటె తప్పు.

కావున మొదటినుండి చెప్పెదను. భారత వాయుసేన 1932 అక్టోబరు 8న చట్టమువలన ఏర్పడినది. 1933 ఏప్రిల్ 1న కరాచీవద్ద డ్రిగ్ రోడ్డులో మొదటి స్క్వాడ్రను నాలుగు వాపిటీ విమానములతో ఆరంభమయ్యెను. యంత్రములను చూచు పనివారిని హవాయి సిపాయిలనిరి. ఆ దళమునకు యుద్ధపు మొదటి పాఠము 1937లో వజీరిస్తానములోని మీరాన్‌షాలో చెప్పబడినది. ఆ సరిహద్దు కొండలలోని పఠాను తెగలను అణచుటకు ఆంగ్లేయు లవలంబించిన పద్ధతి యిది: ముందుగా కాగితములు జారవిడిచి ఊరు ఖాళీచేయుడని హెచ్చరించుట, పిదప ఊరిపై బాంబులు వేయుట. జెనీవాలో నిరాయుధీకరణ సభ జరుగుచుండగా లోకమంతయు ఆకాశమునుండి బాంబులు వేయుటను నిషేధింపవలెనని చర్చించినది. దూరప్రాంతములలో పోలీసుపనికి మాత్రము మినహాయింపు కావలెనని పట్టుబట్టినవారు బ్రిటిషువారే. ఆ పోలీసుపనియే మన కుఱ్ఱవాండ్రకు అక్షరాభ్యాసము. మన కాంగ్రెసు ఆ సరిహద్దు బాంబులను ఖండించినది. నేలదాడి యను విద్య మన దేశమున ఇట్టి బడిలో ఆరంభమైనదను మాటను మఱువరాదు.

ఇక ఏడవ స్క్వాడ్రను చేతికి వచ్చిన ఆయుధము. దాని పేరు వల్టీ వెంజెన్స్, ప్రతీకారమని యర్థము. అమెరికాలో తయారైనది, ఒక యింజను, ఇద్దఱు మనుష్యులు. 1940లో జర్మనుల స్టూకా విమానములు ఫ్రాన్సులో చేసిన పనిని చూచి అట్టిదే మాకును కావలెనని బ్రిటిషువారు వందలకొలది తెప్పించిరి. యంత్రములు చేతికి వచ్చునప్పటికి మనసు మారినది. ఐరోపాలో శత్రువుల విమానములెదుట ఇది నిలువదని తేల్చి, తమ దేశములో దానిని యుద్ధమునకు పంపక, బర్మా సరిహద్దునకని మన దేశమునకు పంపిరి. తమకు రుచింపని కూరను మనవారి విస్తరిలో వడ్డించిరన్నమాట! ఆ యింజను వేడెక్కును, నూనె త్రాగును. నేలమీద నిలిచి దానిని బాగుచేయు పనివారి కష్టము పైన ఎగురువాని కష్టమునకు తీసిపోవునది కాదు.

అయినను ఆ విస్మృత యంత్రమునకు ఒక గుణము కలదు. గ్రద్ద కోడిపిల్లపై వాలుట మనము చూచినదే. అది పక్కనుండి రాదు. పైన తిరిగి తిరిగి నిలువునా దిగును. వెంజెన్స్ చేయునదియు అదియే. పదివేలు, పండ్రెండువేల అడుగుల యెత్తున విమానములు వరుసగా వచ్చును. గురి క్రిందికి రాగానే ఒకదానివెనుక నొకటి పల్టీకొట్టి ముక్కు నేలవైపు త్రిప్పి నిలువుగా దూకును. వేగము హద్దు మీఱకుండ రెక్కలమీద జల్లెడవంటి పలకలు లేచి గాలి నాపును. ఆ దూకుటలో విమానమంతయు ఒక తుపాకిగొట్టమే. నడుపువాడు తన శరీరమును గూడ గురివైపు పెట్టినట్లే. బాంబు విడిచి, మూడు నాలుగువేల అడుగులవద్ద పైకి లాగవలెను. లాగునప్పుడు కన్నులు చీకట్లు క్రమ్మును.

అడవికొండల యుద్ధములో దీని విలువ తెలిసినది. జపానువారు దుంగలు పేర్చి, పైన మట్టి కప్పి, కొండ వెనుకతట్టున బొరియలు చేసికొని కూర్చుండిరి. ఫిరంగిగుండు కొండ నెక్కి ఆవలికి దిగదు. ఎత్తున సాగిపోవుచు వేయు బాంబు అడవిలో ఎక్కడనో పడును. నేలమీది సైన్యము పొగగుండు వేసి చోటు చూపిన, నిలువునా దూకు విమానము ఆ బొరియమీదనే వేయగలదు. తన సిపాయిలు కొలది వందల గజముల దూరములో పొంచియుండగా గురి తప్పిన ఫలమేమో చెప్ప నక్కఱలేదు.

ఈ స్క్వాడ్రను నాయకత్వము యుద్ధకాలమున ప్రతాపచంద్ర లాల్ అను యువకునకు వచ్చినది. 1944 మార్చిలో అస్సాములో సిల్చరు సమీపమున ఉదర్‌బందు మైదానమునకు దళము చేరినది. ఇంఫాలు, కొహిమాలను జపాను సైన్యము ముట్టడించిన నెలలవి. వానలు ముంచుకొని వచ్చువఱకు, జూనుదాక, ఆ కొండలపై ఏడవ స్క్వాడ్రను దూకుచునే యుండెను. లాల్ వీరపతకమును పొందెను. ఆ యేడాదిలోనే వెంజెన్సులను తీసివేసి హరికేను విమానముల నిచ్చిరి. 1945లో వానితో దళము మఱల బర్మాకు పోయినది.

ఇచ్చటనే నా గొంతుకలో ముల్లు. ఆ ఇంఫాలు కొండలలో జపానువారి ప్రక్కన నడచినది ఆజాదు హిందు ఫౌజు. 1944 ఏప్రిల్ 14న మోయిరాంగులో మువ్వన్నెల జెండా నెగురవేసిన ఫౌజు అది. పైన భారతీయులు, క్రింద భారతీయులు. పండ్రెండువేల అడుగుల యెత్తునుండి చూచువానికి చెట్ల క్రింది సిపాయి యే భాషలో అమ్మను పిలుచునో కానరాదు.

ఎవడు ద్రోహి? నా మిత్రులలో కొందఱు తడవుకొనకుండ ఉత్తరము చెప్పుదురు. నేను చెప్పలేను, రెండు సంగతులను మాత్రము మీ ముందుంచెదను. మొదటిది: ఆ ఇంఫాలు దారి మన తెలుగువారి యెముకలతో నిండిన దారి. బర్మాలో మనవారిని కోరంగీలని పిలిచెడివారు; కాకినాడ ప్రక్కనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిరి గనుక ఆ పేరు వచ్చినది. 1942లో రంగూను పడిపోగా లక్షలకొలది భారతీయులు, వారిలో గోదావరి, విశాఖ, గంజాము జిల్లాల కూలీలు, తమూ మీదుగాను ఇతర కొండదారులలోను నడచి వచ్చిరి. దారిలో ఎందఱు కలరాతోను ఆకలితోను రాలిపోయిరో! ఆంగ్లేయుడు తనవారిని ముందు తప్పించి మనవారిని నడిపించినాడని మనకు కోపము. జపానువాడు రాగా వారు పారిపోయిరనునదియు మఱువరాదు. రెండవది: జపాను ఏలుబడి యెట్టిదో అండమానులలో తెలిసినది. 1944 జనవరి 30న పోర్ట్‌బ్లెయరు చేరువ హంఫ్రీగంజిలో వారు గూఢచారులను నెపమున కాల్చి చంపిన 44 మందిలో అధికులు భారత స్వాతంత్ర్య సంఘమువారే. స్వతంత్రము కోరినవానినే, స్వతంత్ర మిచ్చెదనని వచ్చినవాడు కాల్చినాడు.

కావున 1944లో ఉదర్‌బందునుండి ఎగిరిన భారతీయుడు బ్రిటిషు రాజు నౌకరు, ఇది సత్యము. అతడు ఆపిన సైన్యము మన యింటికి వచ్చియున్నచో మనకు మేలు కలుగునని చెప్పుటకు ఆధారము లేదు, ఇదియు సత్యమే. నేను ఒకదానిని చెఱిపి మఱొకదానిని వ్రాయను. ఫౌజువారిని 1945 నవంబరులో ఎఱ్ఱకోటలో విచారణకు పెట్టినప్పుడు వారి పక్షమున భూలాభాయి దేశాయి వాదించినాడు. 1946 ఫిబ్రవరిలో నావికులు తిరుగబడినప్పుడు వాయుసేనలోని మనవారు బొంబాయిలో పని మాని వారి పక్షమున నిలిచిరి. రాజు బట్టలు తొడిగినంత మాత్రమున మనసులు రాజువి కాలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

దళపు విమానములమీది గుర్తులను గూర్చి ఒక ముచ్చట. బ్రిటిషువారి గుర్తులో నడుమ నెఱ్ఱని చుక్క యుండెడిది. జపానువాని గుర్తును నెఱ్ఱని బిళ్ళయే గనుక, పొరపాటున తమవారిని తామే కొట్టుకొందురని తూర్పుయుద్ధములో ఆ యెఱుపును తీసివేసి నీలము, తెలుపు మాత్రము మిగిల్చిరి. 1945లో సేనపేరు ముందు రాయల్ అను బిరుదు తగిలించిరి. స్వాతంత్ర్యము రాగా మొదట నీలి అశోకచక్రమును, పిదప 1950లో మువ్వన్నెల వలయమును వేసిరి. రాయల్ అనునది 1950 జనవరి 26తో పోయినది. 1921లో ఈ బెజవాడ కాంగ్రెసు సభలోనే మన భట్లపెనుమఱ్ఱు పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండా చూపిరి. ఆ జెండాకు వారసులైన వన్నెలు విశాఖలో రాజు గుర్తుతో పుట్టిన దళపు రెక్కలమీదికి వచ్చుటకు ఇరువదితొమ్మిది యేండ్లు పట్టెను.

గుర్తు మారినంతనే పని మారినదా? 1947 అక్టోబరు 26న కాశ్మీరు మహారాజు భారతదేశములో చేరుచు ఒడంబడికపై సంతకము చేసెను. మరునాడు డకోటా విమానములలో మన సైన్యము శ్రీనగరమున దిగినది. ఆ మరునాడు అంబాలానుండి ఏడవ స్క్వాడ్రను టెంపెస్టు విమానములు పట్టన్‌వద్ద దోపిడిమూకలపై దాడిచేసినవి. నవంబరు 7న షాలాటెంగ్ యుద్ధములోను మన విమానముల పాత్ర గొప్పది. శ్రీనగరము దక్కినది.

ఆ మూకలలో అధికు లెవరనుకొన్నారు? సరిహద్దు తెగలవారు, మహసూదులు, వజీరులు. పదియేండ్లకు ముందు మన మొదటి స్క్వాడ్రను ఎవరి ఊళ్ళపై బాంబులు వేసెనో ఆ తెగలే! విమానముక్రింద పరుగెత్తువానికి 1937కును 1947కును భేదము తెలియకపోవచ్చును. నాకు తెలియును. 1937లో మనవాడు పోయి వారి యూరిని కొట్టినాడు, మనల నడుగకుండ, మన మొప్పుకొనని పనికై. 1947లో వారు వచ్చి బారాముల్లాను దోచినారు. మనవారిని పంపినది మన మంత్రివర్గము, దానిని నిలదీయుటకు మన శాసనసభ కలదు. మరతుపాకి యొక్కటే, అధికారపత్రము వేఱు. ఇంతమాత్రముచేత ఆకాశమునుండి కాల్చుట పుణ్యకార్యమగునని నేననను. ఏ ప్రభుత్వము చేసినను అది కడపటి సాధనమే కావలెను.

తరువాతి కథ పత్రికలలో మీరు చదివినదే గనుక త్వరగా ముగించెదను. మన సేనలో జెటు విమానములు మొదట నడిపినది ఈ దళమే, వాంపైరులవి. పిదప హంటరులతో 1965, 1971 యుద్ధములు. 1971లో వాయుసేనాధిపతి ఎవరు? ఉదర్‌బందునాటి ఆ ప్రతాపచంద్ర లాలే! రాజు పతకము ధరించినవాడే బంగ్లాదేశ విముక్తి యుద్ధమున మన వాయుసేనను నడిపినాడు. 1985లో ఫ్రాన్సునుండి మిరాజ్ విమానములు వచ్చినవి. దళము గ్వాలియరులో నెలకొన్నది.

ఒక్క 1999 కార్గిలువద్ద నిలిచెదను. పదునెనిమిదివేల అడుగుల శిఖరములపై శత్రువు కూర్చుండెను. అంత యెత్తున గాలి పలుచన. బాంబుల లెక్కలన్నియు తప్పినవి. మే నెలాఖరున మన విమానములు రెండును ఒక హెలికాప్టరును కూలినవి. అప్పుడు మిరాజ్‌లు వచ్చి, జూన్ 17న ముంథో ఢాలోలోని సామగ్రి నిలువలను, 24న కాంతికిరణముతో గురిచూపబడు బాంబులతో టైగర్ హిల్‌ను కొట్టినవి. ఏడవ స్క్వాడ్రను మిరాజ్‌లు ఆ పోరులో నున్నవి. 1944లో మనుష్యుడు తన శరీరమునే గురివైపు పెట్టి చేసిన పనిని ఇప్పుడు దూరమునుండి కిరణము చేసినది.

నా మనసు పట్టినది ఆ నైపుణ్యము కాదు. ఆ యుద్ధమున మంత్రివర్గము ఒక హద్దు గీసినది: అధీనరేఖను దాటరాదు. దానితో విమానములు రాదలచిన దిక్కునుండి గురిమీదికి రాలేవు. ఇరుకు లోయలలో మలుపులు తిరిగి రేఖకు ఈవలనే గురి పెట్టవలెను. ప్రాణహాని హెచ్చును. ఆ యాజ్ఞ తప్పని వాదించినవారు నాడును కలరు, నేడును కలరు. తప్పైనను ఒప్పైనను ఆ యాజ్ఞ నిచ్చినవారు ప్రజల యోట్లకై మఱల మన వాకిళ్ళకు రావలసినవారు. ఆ సంవత్సరముననే వచ్చిరి గూడ. లిన్లిత్‌గో తాల్చేరునకు పోయి ఎవనిని ఓటడిగెను?

సభ ఆరంభమునకు ముందు ఒక కళాశాల విద్యార్థి నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యా, 1942లో మీకు ఇరువదియేండ్లైనచో జైలుకు పోయియుందురా, విమాన మెక్కియుందురా?" అని యడిగెను. సమయము చాలక తరువాత చెప్పెదనంటిని. ఇప్పుడు చెప్పుచున్నాను. జైలుకే పోయియుందును, తెనాలిలో ఏడుగురు పడిన తరువాత ఆ రాజు బట్టలు నా యొడలికి పట్టవు. కాని నా పెదతండ్రి కొడుకు విశాఖలో ఆ దళమున చేరి, 1945లో సెలవుపై ఇల్లు చేరినచో, నేను జైలునుండి విడుదలయై వచ్చి అతనితో ఒకే పంక్తిని భోజనమునకు కూర్చుందును. మా యిద్దఱికి రాత్రి తెల్లవార్లు వాదము జరుగును. అందులో ఎవడు గెలుచునో, నాయనా, నే నిప్పటికిని చెప్పలేను.